పెద్దమ్మ కాలేయంలో కూడిక

మా పెద్దమ్మ పోయింది. తర్లుపాడు దగ్గరి మా పల్లె నుంచి ఆ కబురు ఫోనులో చెప్పిన చిన్నాయన అంతటితో ఆగలేదు. "లివరు ఊరికే పాడైతదా పాపా? చాటుగా తాగుంటది," అన్నాడు. అప్పటికి శవం ఇంకా ఇంట్లోనే ఉంది. ఈ స్మృతి ఆ మాటకు నా జవాబు.

పెద్దమ్మ జీవితమంతా కూలికి మిరపకాయలు కోసింది. దగ్గుమందు సారా కంపు కొడుతోందని సీసా మొత్తం దిబ్బలో పారబోసిన మనిషి. ప్రతి బుధవారం ఆమె ఇంట్లో కూడిక జరిగేది. మా క్రైస్తవ కుటుంబాల్లో ఇంటి ప్రార్థనకు అదే పేరు. ప్రార్థన ముగిశాక అందరికీ బొరుగులు పంచేది. బడిలో వాదించి ఓడిపోయి వచ్చి నేను అరుస్తుంటే, "గొంతు పెంచబాక. మాట సక్కంగ పెట్టు," అనేది. వాదన నాకు మొదట నేర్పింది ఆమే.

ఆమె కాలేయాన్ని తిన్నది సారా కాదు, హెపటైటిస్-బి వైరస్. అది ఎన్నేళ్లుగా ఒంట్లో ఉందో తెలియదు, ఎవరూ పరీక్షించలేదు. చివరికి అదే క్యాన్సర్ గడ్డకు దారితీసింది. ఆపరేషన్‌లో తీసిన గడ్డను సూక్ష్మదర్శిని కింద పరీక్షించాక డాక్టరు మాకు వివరించాడు. గడ్డ లోపలే రక్షణ కణాలు గుంపులు కట్టాయట, అచ్చం ఆ కణాలు మామూలుగా చేరే లింఫు గ్రంథుల్లాగా. అలాంటి గుంపులున్నవారికి జబ్బు త్వరగా తిరగబెట్టే అవకాశం తక్కువట. అది మంచి సూచనే తప్ప హామీ కాదని కూడా ఆయన దాచలేదు.

పెద్దమ్మ ఆసక్తిగా ముందుకు వంగింది. "ఏంది సార్, ఆడ గూడా కూడిక పెట్టుకున్నాయా? మరి పాస్టరెవురు?"

"పాస్టర్ లేడమ్మా. అక్కడే కూడి, శత్రువెవరో అక్కడే నేర్చుకుని పోరాడతాయి."

"అయితే నా లివరే నయం. మా ఇంటికి ఎవురూ వస్తల్లేరు."

నిజమే. లివరు జబ్బని తెలిసిన ఆ వారంలోనే కూడిక వేరే ఇంటికి మారింది. ప్రార్థించే నోళ్లే ఆమెను తాగుబోతును చేశాయి. ఇంటింటికీ వెళ్లి నిలదీస్తానని నేను లేస్తే, పెద్దమ్మ చెయ్యి పట్టి ఆపింది. "నన్నెరిగినోళ్ళకు నేను తాగలేదని చెప్పుకోవాల్నా? అంతకన్న సిగ్గు ఏముంది?"

కొంతకాలానికి జబ్బు తిరగబెట్టింది. ఆ కణాలు చేతనైనంత పోరాడి ఓడాయి. వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. ఆమె పెట్టిన బొరుగులు తిని ఆమె పేరు చెరిపినవాళ్లను మాత్రం క్షమించలేను.

సమాధుల దగ్గర పెట్టెను గుంటలోకి దింపుతున్నప్పుడు చిన్నాయన నోటి నుంచి బ్రాందీ వాసన గుప్పుమంది. పక్కవాడు కూడా తూలుతున్నాడు. పడిపోకుండా ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని, రెండో చేత్తో ఆమె మీద మట్టి వేశారు. వాళ్ల లివర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు.