లంబసింగిలో దాచిన చాప

పక్కింటి మావయ్య మంగళవారం పొద్దున పోయారు. గాజువాకలో మా వీధిలో నేను ఆటపట్టించని గడప లేదు. ఈ నాలుగు ముక్కలు రాస్తూ మాత్రం తల ఎత్తలేకపోతున్నాను.

పోర్టులో ఓడల తాళ్లు కట్టి రిటైరైన మనిషి. మూడేళ్ల కిందట, నలభై దాటాక నాకు క్యాంపింగ్ పిచ్చి పట్టింది. చెట్ల మధ్య కట్టుకునే ఉయ్యాల, అదే హ్యామక్, కొనబోతే ఆయనే షాపుకి వెంట వచ్చారు. నేను చవగ్గా ఉందని వల ఉయ్యాల పట్టుకున్నాను.

"అది సేపలకి. నీకు గుడ్డది తీసుకో. నీకన్నా మూడడుగులు పొడుగుండాల. ఏటవాలుగా పడుకుంటే నడుం తిన్నగుంటాది. సెట్టుకి సన్నతాడు కట్టకు, బెరడు కోసేత్తాది. ఎడల్పు పట్టీలు కొను."

"దుప్పటుంది కదా మావా, ఉయ్యాల్లో పరుచుకోడానికి ఈ స్పాంజి చాప ఏటికి?"

"సలి కిందనుంచొత్తాదల్లుడా. నీ బరువుకి దుప్పటి నలిగిపోద్ది. నలిగింది సలాపదు."

చెరో ఉయ్యాలా, చెరో చాపా కొని, చలికి పేరుపడ్డ లంబసింగి వెళ్లాం. కట్టినవాడే ముందు కూర్చుని చూడాలన్నది ఆయన పోర్టు అలవాటు. ఆయన తన ఉయ్యాలలో కూర్చుని చూసుకుంటుంటే, ఆయన సంచిలోంచి చాప తీసి నా బ్యాగు అడుగున దాచాను. కాసేపు వెతికించి ఇచ్చేద్దామనుకున్నాను. ఈలోపే వెచ్చగా నిద్రపోయాను.

తెల్లారి చూస్తే ఆయన నేలమీద, నిప్పులకి వీపు పెట్టి కూర్చున్నారు.

"సాప ఇంటికాడ మర్సిపోనానల్లుడా. నీకు సెప్పి నానే మర్సిపోనాను, సూసావా! బుర్ర పోనాది."

నోటిదాకా వచ్చిన నవ్వు మింగేశాను. దాంతోపాటు నిజం కూడా మింగేశాను.

ఆ తర్వాత ఆయన ముడి వేయడమే మానేశారు. వీధిలో పందిరి కట్టడానికి పిలిచినా, "నా బుర్రని నమ్మకండి, ఇంకోల్ని పిలవండి" అనేవారు. రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. తిడతారని కాదు నా భయం. తిట్టరని.

నిన్న అత్తయ్యని చూడ్డానికి వెళ్లాను. తలుపు లోపలివైపు నిండా ఆయన చేతిరాత చీటీలు. గ్యాసు కట్టు. కళ్లద్దాలు. తాళం.

"మర్సిపోతానేమోనని మూడేళ్లు భయపడ్డారు బాబూ," అంది అత్తయ్య. "ఒక్కటీ మర్సిపోలేదు."

అప్పుడు చాప సంగతి చెప్పేశాను. ఆవిడ లేచి తలుపు దగ్గరికి వెళ్లి, చేతికందిన చీటీలు పీకింది. అందనివి వేలితో చూపించింది. నేను మునివేళ్ల మీద నిలబడి ఒక్కొక్కటే గోటితో లాగాను. కాగితం ఉన్నచోటల్లా తలుపు రంగు ఇంకా కొత్తగానే ఉంది.