కొమురక్క పాసైన పరీక్ష

2023. మిర్చి సీజన్ ఊపందుకున్న రోజులు. వరంగల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను పల్మనరీ ఫంక్షన్ టెక్నీషియన్‌ని. పేరు పెద్దదే గానీ చేసేది ఒక్కటే పని, జనం చేత ఊదించడం. స్పైరోమెట్రీ అంటారు దాన్ని. ముక్కుకు క్లిప్పు తగిలించి, నోట్లో గొట్టం పెట్టి, గుండెల నిండా గాలి పీల్చుకొని ఒక్క ఉదుటున బయటికి ఊదమంటాం. మొదటి సెకనులో ఎంత గాలి వచ్చిందో, మొత్తం ఎంత వచ్చిందో యంత్రం చెబుతుంది. ఊపిరి గొట్టాలు ఇరుకైనవాళ్లకు గాలి ఒక్కసారిగా రాదు. సన్నగా, సాగి సాగి వస్తుంది.

ఈ పరీక్షలో సగం పని యంత్రానిదైతే సగం నా గొంతుది. "ఊదు ఊదు ఊదు, ఆపకు, ఇంకా ఇంకా ఇంకా..." అని నేను అరిస్తేనే ఎవరైనా కడదాకా ఊదేది. కొత్తగా వచ్చినవాళ్లు బయట బెంచీ మీద కూర్చొని, లోపల ఎవరినో కొడుతున్నారని భయపడతారు. "నిద్రల సుత నన్ను ఊదుమంటానవ్" అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. ఎవరైనా బాగా ఊదితే ఇంకా గట్టిగా అరుస్తాను. "పాసైనవ్ పో!" అంటాను. అనేదాన్ని.

ఆ ఏడాది మా ఛాతీ డాక్టరమ్మకు ఒక పట్టుదల వచ్చింది. దుమ్ములో, ఘాటులో పనిచేసేవాళ్ల ఊపిరితిత్తుల మీద ఎక్కడెక్కడో పరిశోధనలు జరుగుతున్నాయి, పక్కనే ఎనుమాముల మిర్చి మార్కెట్ పెట్టుకొని మనం చూడకపోతే ఎట్లా అన్నది ఆవిడ మాట. ఊపిరి గొట్టాల వాపును మొదట్లోనే పట్టుకొని, రోజూ పీల్చే మందు ఇస్తే, ముందు ముందు జరిగే నష్టాన్ని ఆపవచ్చా అనేది ఆవిడ తెలుసుకోవాలనుకున్నది. అందుకోసం కాశిబుగ్గలో ఒక ఫంక్షన్ హాల్ తీసుకొని క్యాంపు పెట్టాం.

పద్ధతి ఇది. ముందు ఒకసారి ఊదిస్తాం. బాగా వస్తే సంతోషం, ఇంటికి పంపిస్తాం. తక్కువ వస్తే పంపు ఇస్తాం. పంపు అంటే ఇన్‌హేలర్, గొట్టాలను తెరిచే మందు. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ ఊదిస్తాం. రెండోసారి బాగా పెరిగితే అది మాకు మంచి కబురు. గొట్టాలు మూసుకున్నాయి గానీ ఇంకా తెరుచుకునే దశలోనే ఉన్నాయన్నమాట. రివర్సిబిలిటీ అంటారు దాన్ని. అట్లాంటి వాళ్లను ఎంచి, ఏడాది పాటు మందు ఉచితంగా ఇచ్చి కనిపెట్టుకొని ఉండాలన్నది ప్లాను. అందుకే వచ్చినవాళ్లందరినీ ముందే అడిగేదాన్ని, పొద్దున్నుంచి పంపు గానీ వాడారా అని. వాడి ఉంటే ఆ రోజు పరీక్ష చేయం.

కొమురమ్మ తన జట్టు ఆడవాళ్లను వెంటేసుకొని వచ్చింది. మార్కెట్‌లో మిర్చి కుప్పల దగ్గర కూర్చొని తొడిమెలు తీసి, తెల్లబారిన తాలు కాయలు ఏరే పని వాళ్లది. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దది, నా గొంతుకు తగిన గొంతు. గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"ఏం చెల్లె, పిలగాండ్ల లెక్క మాతోని బుగ్గలు ఊదిపిస్తానవట?"

"బుగ్గలు కాదక్కా, గొట్టం. వచ్చి కూసో. పొద్దుగాల్నుంచి పంపు గిట్ల ఏమన్న కొట్టుకున్నవా?"

"నాకెందుకు పంపు? అది మా ఇంటాయనకు."

"దగ్గుంటదా మరి?"

"మిర్చి కాడ దగ్గనోళ్లు ఎవలు చెల్లె? ఆడ కుక్కలు సుత దగ్గుతయి."

హాలంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆమె వేలికి ఆక్సీమీటర్ తగిలించాను. ఆక్సిజన్ బాగానే ఉంది గానీ నాడి పరుగెత్తుతోంది. చెయ్యి చూస్తే సన్నగా వణుకుతోంది.

"భయమైతాందా అక్కా?"

"కాదా మరి? పరీక్షంటే సదువుకున్నోళ్లకే భయం. నేనెంత?"

అది నిజమే అనిపించింది. ఆ పొద్దు నా ముందు కూర్చున్నవాళ్లలో సగం మంది బెదురుతూనే ఉన్నారు. గొట్టం చేతికిచ్చాను. కొమురక్క ఊదింది. అమ్మో, ఏం ఊదడం అది! నేను అరవాల్సిన పనే పడలేదు. మూడుసార్లూ ఒకే తీరుగా, తెర మీద గీత నిటారుగా లేచి నున్నగా దిగింది.

"పాసైనవ్ అక్కా, ఫస్ట్ క్లాస్!" అన్నాను. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. కొమురక్క క్లిప్పు తీసేసి, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అడిగింది. "అయితె ఇగ ఎవ్వలు నన్ను పనికి రావద్దనరు గదా?"

"ఎవలంటరక్కా?" అని నవ్వి, తర్వాతి మనిషిని పిలిచాను. ఆమె వెనుక క్యూ తలుపు దాకా ఉంది.

రెండు సీజన్లు గడిచాయి. క్యాంపులో దొరికిన కొందరు మందు వాడుతూ వచ్చి పోతున్నారు. ఒకామె మెట్లెక్కి వచ్చి, ఆయాసం రాలేదని చూపించడానికి మళ్లీ కిందికి పోయి ఎక్కింది. అట్లాంటి రోజుల్లో నా ఉద్యోగం నాకు మస్తు నచ్చుతుంది.

ఒకనాడు డాక్టరమ్మ గది నుంచి వీల్‌ఛైర్‌లో ఒక మనిషిని పంపారు. తోసుకొస్తున్నది ఆమె భర్త, రాజయ్య. కుర్చీలో మనిషి గుర్తు రాలేదు. మెడ ఎముకల మధ్య చర్మం ప్రతి శ్వాసకూ లోపలికి పోతోంది. పెద్దాసుపత్రిలో వారం ఉండి వచ్చిందట.

"చెల్లె," అంది ఆమె. ఆగింది. "బుగ్గ... ఊదాల్నా?"

కొమురక్క! ఆ గొంతు ఎక్కడికి పోయింది? ఫంక్షన్ హాలంతా నవ్వించిన గొంతు ఇంత చిన్నదెట్లా అయింది?

ఊదించాను. అరిచే ధైర్యం రాలేదు, పక్కన కూర్చొని భుజం మీద చెయ్యి వేసి చెప్పాను. తెర మీద గీత లేవనే లేదు. నేల మీద పాకుతున్నట్టు పోయింది. పద్ధతి ప్రకారం పంపు ఇచ్చి, మందు పనిచేసే దాకా ఆగాలన్నాను. చాయ్ తెస్తానని రాజయ్య కిందికి పోయాడు.

ఇద్దరమే మిగిలాం. కాసేపటికి కుర్చీ చెయ్యి మీద ఆమె వేళ్లు వణకసాగాయి.

"పంపు మందుకు చెయ్యి వణుకుతదక్కా. జరసేపైతె తగ్గుతది, ఫికర్ చెయ్యకు."

"ఎర్కే చెల్లె. ఆ రోజు సుత గిట్లనే వణికింది."

"ఏ రోజు?"

కొమురక్క నా మొహం చూసి తల దించుకుంది. తర్వాత ఆగి ఆగి చెప్పింది. క్యాంపుకు ముందు మార్కెట్‌లో ఒక మాట లేచిందట. ఎవరు లేపారో తెలియదు. ఊదుడు పరీక్షలో ఫెయిలైనవాళ్లను ఇక పనికి పిలవరని. నిజానికి అట్లాంటిదేమీ లేదు. కానీ ఆమె నమ్మింది, నమ్మడానికి కారణం ఇంట్లోనే ఉంది. రాజయ్య పవర్‌లూమ్ కార్మికుడు. పత్తి దుమ్ముకు ఆయాసం వచ్చి పంపు పట్టాడు. షెడ్డులో ఓనరు ఆ పంపు చూశాడు. "ఇంట్ల ఉండి ఒళ్లు చూసుకో రాజయ్యా" అని ప్రేమగానే అన్నాడట. ఆ తర్వాత మళ్లీ పిలవలేదు.

"ఆయన పని అట్ల పాయె. నాదన్న ఉండాలె గదా చెల్లె? నాకు అంతకు ముందు సంది ఆయాసముండె. రాత్రిళ్లు లేసి కూసునేది. పంపు పట్టినోళ్లకు పని ఉండదని చూసిన గదా, ఎవ్వలకు చెప్పలె. ఆ పొద్దు ఆయన పంపు కొంగుల కట్టుకొని వచ్చిన. హాలు ఎనుక నిలవడి నాలుగైదు పార్లు కొట్టుకున్న."

"కొట్టుకుంటే?"

ఆ మాట అడిగానే గానీ, జవాబు వినాలని లేదు.

"ఏం చెప్పాలె చెల్లె! ఛాతిల తలుపు తీసినట్టైంది. గంత గాలి ఎన్నడు పీల్చుకోలె. గందుకే గంత మంచిగ ఊదిన."

నాకు ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది, ఎవరి మీదో తెలియదు. తలుపు తీసినట్టు అయిందట! మేము హాలు అద్దెకు తీసుకొని, యంత్రాలు మోసుకొని పోయి వెతికింది ఆ తలుపు కోసమే కదా. మూసుకొని ఉండి, మందుకు తెరుచుకునే తలుపు. మా పరీక్షలో ముఖ్యమైన సగం ఆమె హాలు వెనుక ఒంటరిగా చేసుకొని వచ్చి, మిగతా సగం నా ముందు చేసింది. అంతకంటే మందుకు తగిన మనిషి ఆ క్యాంపులో ఉన్నదో లేదో! నేను చప్పట్లు కొట్టించి ఇంటికి పంపాను. ఆ చెయ్యి వణకడం చూశాను, నాడి పరుగు చూశాను. రెండూ పంపు గురుతులే. అంత క్యూలో ఎవరైనా భయమే అనుకుంటారని డాక్టరమ్మ తర్వాత నాకు సర్ది చెప్పింది. అనుకుంటారు, నిజమే.

"ఏమైంది చెల్లె, గట్ల మొఖం పెట్టినవ్?" అంది కొమురక్క. "గప్పుడే చెప్తె ఏం చేసేటోళ్లు మీరు?"

అప్పుడు చెప్పినా ఇంతే అయ్యేదక్కా అని అబద్ధం ఆడబోయాను. నోరు రాలేదు. ఆమె నా కళ్లలోకే చూస్తోంది.

"మందు ఇచ్చేటోళ్లమక్కా. రోజు పీల్చే మందు. ఏడాది దాకా పైస లేకుండ. పని కాడ మూతికి ఏం కట్టుకోవాల్నో చెప్పేటోళ్లం. పనికి పోవద్దని ఎవ్వలు అనకపోదురు."

కొమురక్క నా చెయ్యి పట్టుకుంది. తన గురించి ఒక్క మాట అంటుందేమో, నన్ను తిడుతుందేమో అనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

"ఆయనకు చెప్పకు చెల్లె. పంపు నేను తీస్కపోయింది ఆయనకు ఎర్క లేదు. ఆ పొద్దు దొర్కక ఇల్లంత దేవులాడిండు. గిది ఆయన పంపుతోని అయిందని ఎర్కైతె, ఇగ రేపటి సంది పంపు ముట్టడు. మొండి మనిషి. నా లెక్కనే ఆయన సుత అయితడు."

చెప్పనని తలూపాను. టైమైంది, మళ్లీ ఊదించాను. గీత ఒక వేలెడంత లేచిందేమో. అంతే. చాలా ఏళ్ల వాపుకు గొట్టాలు మందంగా, గట్టిగా అయిపోయాయని, పోయినదాంట్లో కొంత ఇక తిరిగి రాదని డాక్టరమ్మ రిపోర్టు చూసి చెప్పింది. ముందే మొదలుపెడితే ఇంత దాకా వచ్చేది కాకపోవచ్చు అంది. "కాకపోవచ్చు" అనే మాట డాక్టర్లు జాగ్రత్త కోసం వాడతారు. నేను ఆ జాగ్రత్త లేకుండానే విన్నాను.

రాజయ్య చాయ్ పట్టుకొని వచ్చాడు. ఒక గ్లాసు నాకు కూడా తెచ్చాడు. తనకూ ఆయాసం వస్తోంది, తలుపు పట్టుకొని నిలబడి, ఆశగా నవ్వుతూ అడిగాడు.

"పాసైందా మేడం? అప్పుడు మస్తు ఊదింది గదా మా ఆమె. వాడకట్టంత చెప్పుకున్నం."

నేను కాగితం మడిచాను. కొమురక్కే జవాబు చెప్పింది.

"ఈ పారి పేపరు కష్టం ఇచ్చిన్రు. చాయ్ ఇటియ్యి, సల్లగైతాంది."

కొమురక్క ఇప్పుడు పనికి పోదు. మందులకు వచ్చినప్పుడు నా గదిలో కాసేపు కూర్చొని పోతుంది. రాజయ్య తన పంపు తాను వాడుకుంటూ, ఆమెకు ఆమె పంపు గుర్తు చేస్తూ ఉంటాడు. జరిగింది ఆయనకు ఈనాటికీ తెలియదు. డాక్టరమ్మ పరిశోధనలో ఆరోగ్యవంతుల లెక్కలో ఉన్న కొమురక్కను తీసేసింది. తీసేస్తూ, "ఈ లెక్కలో ఇట్లాంటివాళ్లు ఇంకెందరున్నారో" అంది. యంత్రం ఊపిరిని కొలుస్తుంది గానీ, ఆ ఊపిరి వెనుక ఏ భయం ఉందో మనిషే అడగాలి. నేను పంపు సంగతి అడిగాను, భయం సంగతి అడగలేదు. పనికి రావద్దనరు గదా అని ఆమె తనంతట తాను ఆ భయం బయటపెట్టినప్పుడు నవ్వేశాను.

ఇప్పుడు నా గదిలో పాస్ అనే మాట లేదు. ఈ పరీక్ష ఎట్లా వచ్చినా నీ పనికి ఏమీ కాదు, ఇక్కడి మాట గడప దాటదు అని ముందు చెప్పుకుంటాను. గొట్టం ఇచ్చే ముందు రెండు చేతులూ పట్టుకొని చూస్తాను. ఊదమని ఎప్పటిలాగే అరుస్తాను, ఆ గొంతు మారలేదు. కానీ చెయ్యి వణికితే మాత్రం తలుపు దగ్గరికి వేసి, కుర్చీ దగ్గరికి జరుపుకొని మెల్లగా అడుగుతాను.

"ఎవరి పంపక్కా?"