ఆగమ్మ నల్లా చట్టం

1974లో ధూల్‌పేట్‌లోని మా గల్లీ నల్లాకు ఇద్దరు యజమానులుండేవారు. కాగితాల మీద ప్రభుత్వం, కాగితాలతో పనిలేకుండా ఆగమ్మ. ప్రభుత్వం ఎన్నడూ కనిపించేది కాదు. ఆగమ్మ మాత్రం పొద్దున మలక్‌పేటలో రేసు గుర్రాలకు గడ్డి మోసొచ్చి, మధ్యాహ్నమంతా నల్లా పక్క అరుగు మీదే కొలువుదీరేది.

ఆమె చట్టంలో రెండే అంశాలు. ఒకటి, వరసలో పెట్టిన వస్తువే మనిషి. జహీరా బాలింత, గడప దాటదు. ఆమె బదులు ఒక ఇటుక నిలబడేది. ఎల్లప్పతో మాటల్లేనివాళ్లు కూడా అతని చిల్లు డబ్బాను కాలితో తాకేవారు కారు. రెండు, నీళ్లెప్పుడొస్తాయో తెలియదు గనుక, ముందు చూసినవాళ్లు అందరి తలుపులూ తట్టాలి.

ఈ రాజ్యంలోకి బాలకిషన్ సార్ కిరాయికి దిగాడు. సాయంకాలం కాలేజీలో సమాజశాస్త్రం చెబుతాడు. కట్టుబాట్లు, వాటిని మీరితే పడే శిక్షలు ఆయనకు నిర్వచనాలతో సహా కంఠస్థం. మొదటిరోజే ఇటుకను పక్కకు జరిపి బకెట్ పెట్టాడు.

"సార్, గది జహీరా," అంది ఆగమ్మ.

సార్ ఇటుకను పరిశీలించాడు. "ఇది ఇటుక గద అమ్మా."

"ఇటుకనే. జహీరాది."

"మరి మనిషి రావాలె గద." నీళ్లు పట్టుకుని వెళ్లిపోయాడు.

గల్లీ అంతా ఆగమ్మ వైపు చూసింది. ఇది చెల్లితే రేపు ఇటుకలన్నీ ఇటుకలే అవుతాయి, ఆమె ఉత్త గడ్డి మోసే మనిషి అవుతుంది. కొట్టడానికి లాఠీ లేదు, తిట్టడం ఆమె హోదాకు తగదు.

"ఇప్పుడెట్ల ఆగమ్మా?" అన్నాడు ఎల్లప్ప.

"లొల్లి వద్దు. సార్ తలుపు ఎవ్వలు కొట్టకుండ్రి."

మూడు రోజులు ఎవరూ తట్టలేదు. సార్ వచ్చేసరికి నల్లా గుర్రుమంటూ గాలి వదిలేది. రెండోరోజు ఆయన గోలీసోడాతో మొహం కడుక్కున్నాడు. మూడోరోజు స్నానం లేకుండానే క్లాసుకు వెళ్తే ముందు బెంచీలు ఖాళీ అట.

నాలుగోరోజు అరుగు దగ్గరికొచ్చాడు. "ఆగమ్మా, అందర్నీ పిలిచిండ్రు, నన్నొక్కన్నే పిలువలే. ఏంది సంగతి?"

"మీరు లైన్ల లేరు గద సార్. లేనోళ్లను ఎట్ల పిలుస్తం?"

సార్ ఇంట్లోకి వెళ్లి, పాత పేపరు అట్ట వేసిన లావుపాటి పాఠ్యపుస్తకం తెచ్చాడు. జహీరా ఇటుక వెనక, అందరికన్నా చివర, రెండు చేతులతో పెట్టాడు.

ఎల్లప్పకు అనుమానం. "పుస్తకం నడుస్తదా?"

ఆగమ్మ సార్‌నూ పుస్తకాన్నీ మార్చి మార్చి చూసింది. "సార్ జర సన్నగుంటడు. పుస్తకం లావే ఉన్నది. నడుస్తది."

నీళ్లొచ్చాయి. ఇటుక వంతు రాగానే సార్ తనే జహీరా గుమ్మం నుంచి బిందె తెచ్చి నింపి, మళ్లీ ఆమె పరదా ముందు దించి వచ్చాడు. తన బకెట్ సగం నిండకముందే నల్లా ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు, అదీ ఆగమ్మ చూపు వల్లే.

ఆమె లేచి తన బిందెలోంచి నాలుగు చెంబులు సార్ బకెట్‌లో పోసింది.

"రేపటి సంది తలుపుకు గొళ్లెం పెట్టకుండ్రి సార్. గడ్డి మోసిన చేతులు, మస్తుసేపు కొట్టాలంటే నొస్తయి."