ఎడమచేతి మొక్కు

కనకదుర్గ చెయ్యి మంచిదని రేపల్లెలో పేరు. ఆమె కలిపిన పచ్చడి ఏడాది తిరిగినా బూజు పట్టదని ఆడవాళ్ళ నమ్మకం. అందుకే పండుమిరపకాయల రోజులు మొదలైన దగ్గర్నుంచి ఎండాకాలం ఆవకాయలు ముగిసేదాకా ఆమెకి ఊపిరి సలపదు. కొందరు ఆమె వసారాలోనే పెట్టించుకుని జాడీలు పట్టుకుపోతారు. కొందరు ముక్కలూ కారం నూనే అన్నీ సిద్ధం చేసుకుని, ఆఖరున ఆమెని పిలిపించుకుంటారు. గరిటెతో తిప్పితే ఒప్పుకోరు. చెయ్యే పడాలి.

ఆ చేతికేమవుతుందో మాత్రం ఎవరూ అడగరు. కొల్లూరు లంకల నుంచి బస్తాల్లో వచ్చిన పండుమిరపకాయలకి తొడిమలు తీసీ తీసీ వేళ్ళు నిప్పుల్లో పెట్టినట్టు మండుతాయి. మజ్జిగలో ముంచుతుంది, కొబ్బరినూనె రాస్తుంది. కాస్త తగ్గిందనుకునేసరికి వేడినీళ్ళు తగిలి మళ్ళీ మొదలు. మొగుడు రమేష్ బాబుది నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల మీద కాపలా పని. ఎప్పుడో ఒకసారి ఇంటికొస్తాడు, వచ్చినవాడు పడుకుంటే లేపినా లేవడు. ఇంట్లో మిగిలేది ఆమె, అత్త మాణిక్యమ్మ, నాలుగో తరగతి చదివే కూతురు భవ్య.

భవ్యకి రెండో తరగతిలోనే కళ్ళజోడు వచ్చింది. అప్పట్నుంచీ అద్దాలు మార్చినప్పుడల్లా మందం పెరుగుతోంది. బళ్ళో సోడాబుడ్డి అంటున్నారని పిల్ల రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు అలవాటు పడిపోయింది. కనకదుర్గకి దిగులు పట్టుకున్నది ఆ వెక్కిరింతకి కాదు, తెనాలిలో కళ్ళ డాక్టరమ్మ చెప్పిన మాటకి. పిల్ల కనుగుడ్డు లోపలికి పొడవుగా సాగుతోందట. ఈ వయసులో ఇంత తొందరగా సాగితే పెద్దయ్యాక లోపలి పొర దెబ్బతినే ప్రమాదం ఎక్కువట. దాన్ని ఆపలేం గానీ నెమ్మది చెయ్యొచ్చని, అందుకు పిల్లల కోసం చేసిన లెన్సులున్నాయని ఆవిడ చెప్పింది. పొద్దున్న పెట్టాలి, సాయంత్రం తీసి పారెయ్యాలి, మర్నాడు కొత్త జత. రోజూ పిల్లని కాసేపు వెలుతుర్లో ఆడుకోనివ్వాలి. పిల్లకి చెయ్యి తిరిగేదాకా తల్లే పెట్టాలి, పెట్టే చెయ్యి శుభ్రంగా ఉండాలి.

డాక్టరమ్మ దగ్గర పనిచేసే తనూజ అనే అమ్మాయి లెన్సు ఎలా పెట్టాలో దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పింది. వేలి కొన మీద చిన్న గిన్నెలా నిలబడాలి, అంచులు బయటికి వాలితే తిరగబడ్డట్టు. ఆ రోజు కనకదుర్గ బాగానే పెట్టింది. అంతకుముందు వారమంతా జ్వరంతో పనిలో దిగలేదు కాబట్టి చేతికి కారం లేదు. ఆ సంగతి అప్పుడెవరికీ తోచలేదు.

మళ్ళీ పనిలో దిగాక మొదటి పొద్దున, ఇంట్లో చింతపండుతో రుద్దుకుంది, సబ్బుతో కడుక్కుంది. అనుమానం తీరక వేలు నాలిక కొనకి ఆనించి చూసుకుంది. మంట లేదు. మళ్ళీ కడుక్కుని, ఆరబెట్టుకుని, లెన్సు పెట్టింది. భవ్య పెట్టిన కేకకి పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగిచూశారు.

లెన్సు పోయేదాకా కడిగి, కన్ను ఎర్రగా వాచిన పిల్లని తీసుకుని తెనాలి రైలెక్కింది. డాక్టరమ్మ చూసి, లోపల దెబ్బ తగల్లేదని, రెండు మూడు రోజుల్లో తగ్గుతుందని చెప్పింది. ఇంకోసారి ఇలా జరిగితే మాత్రం లెన్సులు ఆపేస్తానంది. బయట బెంచీ మీద తనూజ మెల్లిగా అడిగింది.

"చేతికి కారం లేదని ఎలా చూసుకున్నావక్కా?"

"నాలిక మీద."

తనూజకి నవ్వాగలేదు. "ఏళ్ళ తరబడి పచ్చళ్ళు రుచి చూసే నాలిక్కి కారం ఎక్కడ తెలుస్తుందక్కా!"

కనకదుర్గకి నవ్వు రాలేదు. రైల్లో తిరిగొస్తుంటే అదే తిరుగుతోంది బుర్రలో. పచ్చళ్ళు మానేస్తే లెన్సులకి డబ్బులు రావు. పచ్చళ్ళు పెడితే లెన్సు ముట్టకూడదు. కిటికీ పక్కన పిల్ల తడిగుడ్డ కంటికి అదుముకుని నిద్రపోయింది. తనూ నిద్రపోతే బావుండుననిపించింది.

మర్నాడు రబ్బరు తొడుగులు తెప్పించింది. తొడిమలు గుచ్చుకుని అవి చిరిగేవి, లోపల చెమట పట్టి కారం అందులోనే ఊరేది. అదీ భరించేదే. కానీ జాడీ పట్టుకొచ్చిన ఒకావిడ ఆ తొడుగులు చూసి మొహం చిట్లించింది. తొడుగుతో కలిపేదానికి నీ దగ్గరకెందుకమ్మా, ఎవరైనా కలుపుతారుగా అనేసి పోయింది.

మాణిక్యమ్మకి రెండు కళ్ళకీ శుక్లాలు. వసారా చివర కూర్చుని కోడలి పని చూస్తుందో వింటుందో తెలియదు. ఆ సాయంత్రం ఉన్నట్టుండి అంది. "ఏమే కనకం, కలిపేటప్పుడు కంట్లో నలుసు పడితే ఏ చేత్తో తుడుచుకుంటావు?"

"ఎడమచేత్తో."

"మరింకేం. అన్నంలో పెట్టని చెయ్యి, ఎవరికీ ఇవ్వని చెయ్యి. దాన్ని పిల్లకి ఇయ్యి."

నిజమే. కలిపేది ఎప్పుడూ కుడిచేత్తోనే. ఎడమచెయ్యి కారంలో పడేది తొడిమలు తీసేటప్పుడే. ఆ రోజు నుంచి ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఒంటి చేత్తో, బొటనవేలి గోరుతో తొడిమలు గిల్లడం మొదలుపెట్టింది. సగం పని కూడా సాగేది కాదు. పొద్దు వాలేసరికి కుడిభుజం రాయిలా బిగుసుకుపోయేది.

ఎడమచేతికి మంట పూర్తిగా పోయేదాకా ఆగి, తెనాలి వెళ్ళి తనూజ ముందు మళ్ళీ మొదట్నుంచి నేర్చుకుంది. బుద్ధి లేని చెయ్యి అది. లెన్సు జారేది, మడత పడేది, బుగ్గకి అంటుకునేది. పైగా కుడిచెయ్యి సాయం రాకూడదాయె. అందుకని పొద్దున్నే ముగ్గురూ కూర్చునేవాళ్ళు. మాణిక్యమ్మ తడుముకుంటూ కోడలి ఎడమచేతిని సబ్బుతో రుద్ది కడిగేది. భవ్య తన రెప్పలు తనే విప్పి పట్టుకునేది. కనకదుర్గ ఊపిరి బిగబట్టి లెన్సు ఆనించేది. బడి బస్సు హారన్ కొడుతున్నా ఎవరూ కదిలేవాళ్ళు కాదు. సాయంత్రం తీసేటప్పుడూ అదే తంతు.

ఒక పొద్దున మాణిక్యమ్మ చెయ్యి కడుగుతూ, పెళ్ళిలో కూడా నీ చెయ్యి ఇంతసేపు ఎవరూ పట్టుకుని ఉండరే అంది. కనకదుర్గకి చాలారోజులకి నవ్వొచ్చింది.

ఎండాకాలంలో బాపట్ల జగన్నాథరావుగారింటి నుంచి పిలుపొచ్చింది. వాళ్ళది పెద్ద ఇల్లు, పొలాలూ వ్యాపారాలూ ఉన్నవాళ్ళు. అన్నదమ్ములందరికీ ఏడాది ఆవకాయ ఒక్కచోటే పెడతారు. బడి సెలవులు కాబట్టి భవ్యని కూడా తీసుకెళ్ళింది. సాయంత్రం లెన్సులు తియ్యడానికి ఇంకెవరున్నారు?

బేసిను నిండా ముక్కలు, ఆవపిండి, కారం, నూనె. కనకదుర్గ ఒంటిచేత్తో కింద నుంచి పైకి తిరగేస్తోంది. బేసిను నేల మీద గిర్రున తిరిగిపోతోంది. ఎడమచెయ్యి కొంగు చాటున నడుముకి దోపి ఉంది. ఆ ఇల్లాలు కాసేపు చూసి, రెండు చేతులూ పెట్టి కానివ్వు, ఇలాగైతే ఎప్పటికి తెమిలేను అంది. కనకదుర్గ వినిపించుకోనట్టు కలుపుతూనే ఉంది. వెనక ఎవరో, బేరం ఒక చేతికే మాట్లాడుకున్నట్టున్నారు అని నవ్వారు.

ఇల్లాలు దగ్గరికొచ్చింది. "ఆ చేతికేమైంది? పడిపోలేదు కదా?"

"లేదండి."

"మరి? మొక్కా?"

లెన్సుల సంగతి, కనుగుడ్డు సంగతి, తెనాలి సంగతి అన్నీ చెప్పాలంటే ఓపిక లేదు. చెప్పినా, ఆఖరికి కలుపు అనే అంటారు. కనకదుర్గ తలెత్తకుండా అంది. "అవునండి. మొక్కే."

"ఎన్నాళ్ళు?"

"పిల్ల ఎదిగేదాకానండి."

ఇల్లాలు వాకిట్లో కళ్ళజోడు లేకుండా ఎండలో తొక్కుడుబిళ్ళ ఆడుతున్న భవ్య వైపు చూసింది. ఇంకేమీ అడగలేదు. ఒకరి మొక్కు గురించి తరచి అడగకూడదు. చీర కుచ్చెళ్ళు దగ్గరికి తీసుకుని కూర్చుని, కదలకుండా బేసిను అంచు పట్టుకుంది.

ఆ మాట బాపట్ల నుంచి రేపల్లె దాకా పాకింది. కనకదుర్గ ఎడమచెయ్యి దేవుడికిచ్చిందట, అందుకే కుడిచేతికంత మహిమట. మరుసటి వారం వసారాలో జాడీలు పెట్టడానికి చోటు చాల్లేదు. పనీ పెరిగింది, భుజం నొప్పీ పెరిగింది.

బళ్ళు తెరిచాక తెనాలిలో పరీక్ష చేశారు. డాక్టరమ్మ పాత కొలతా కొత్త కొలతా పక్కపక్కన పెట్టి చూసింది. పెరిగిందంది. అంతలో ఆవిడ, పెరిగింది గానీ మునుపటిలా కాదు, బాగా నెమ్మదించింది, ఇంకా కొన్నేళ్ళు ఇలాగే సాగాలి అంది. సంతోషించాలో, ఆ కొన్నేళ్ళు తలుచుకుని అలసిపోవాలో కనకదుర్గకి తెలియలేదు. తలూపింది.

తిరుగు రైల్లో భవ్య, ఇకనుంచి నేనే పెట్టుకుంటానంది. మర్నాడు పొద్దున అన్నట్టే అద్దం ముందు కూర్చుంది. ఒక లెన్సు కింద పడింది. ఇంకోటి తిరగబడింది. కనకదుర్గ ఎడమచెయ్యి తనంతట తనే లేచింది, పిల్ల మోచేత్తో దాన్ని పక్కకి నెట్టింది. బస్సు రెండోసారి హారన్ కొట్టేసరికి రెండు కళ్ళల్లోనూ పెట్టుకుని, బ్యాగు లాక్కుని పరిగెత్తింది.

"పెట్టుకుందా?" అంది మాణిక్యమ్మ, సబ్బు చేత్తో పట్టుకునే.

"పెట్టుకుంది."

కనకదుర్గ వసారాలోకొచ్చి ఎండుమిరపకాయల రాశి ముందు కూర్చుంది. ఏడాది కారానికి తొడిమలు తియ్యమని ఎవరో పంపించారు. ఇక రెండు చేతులూ పెట్టొచ్చు. రెండూ పెడితే మధ్యాహ్నానికల్లా అయిపోతుంది, కాసేపు నడుం వాల్చొచ్చు. ఎడమచెయ్యి కాయల మీదికి చాపింది. రేపు పిల్లకి జలుబు చేస్తే? నిద్రమత్తులో దాని వేలు వణికితే?

చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. కుడిచేత్తో ఒక కాయ అందుకుని, బొటనవేలి గోరుతో తొడిమ గిల్లింది.