ముక్కున్న గింజ

పటమటలో కూతురింటికి వచ్చినప్పుడల్లా వెంకటరత్నమ్మ రెండోరోజు సాయంత్రానికే గన్నవరం బస్సెక్కేసేది. కూచుని తినడం ఆవిడకి చేతకాదు. పందొమ్మిదివందల డెబ్బై నాలుగు వేసవిలో మాత్రం మూడోరోజు ఉండిపోయింది. పక్క వాటాలో ఉండే ప్లీడరుగారి భార్య అమలమ్మ వచ్చి, "పిన్నిగారూ, బందరు రోడ్డులో కొత్త షాపు పెట్టారండీ. అంతా ప్రకృతి ఆహారమేనట. మీరూ రండి, చూద్దురుగాని" అని పిలిచింది.

కూతురు రాజ్యలక్ష్మి ముఖం అక్కడికక్కడే మాడిపోయింది. తల్లి జుట్టు ముడేసుకుంటుంటే వెనగ్గా వచ్చి, "అమ్మా, అక్కడ నీ దంపుళ్ళ సంగతి ఎత్తకే. మనకి పొలాలున్నాయనుకుంటున్నారు వాళ్ళు" అంది గొంతు తగ్గించి.

"ఎత్తన్లేవే. రోకలెత్తిన దానికి నోరు మూసుకోవడం ఓ బరువా?" అంది వెంకటరత్నమ్మ. అనడం తేలిగ్గానే అంది. కూతురి మాట మాత్రం చేపముల్లులా గుచ్చుకుంది.

మొగుడు హనుమయ్య పాము కరిచి పోయేనాటికి ఆవిడకి ఇరవైరెండేళ్ళు, చంకలో ఈ రాజ్యలక్ష్మి. ఉన్న కాస్త నేలా మరుదులు కలిపేసుకున్నారు. ఏడుస్తూ కూచుంటే అత్తగారు పెడుతుందా, ఆడబిడ్డ పెడుతుందా? రోకలి పట్టింది. ఊళ్ళో పెళ్ళంటే తలంబ్రాల బియ్యం దగ్గర్నుంచీ వెంకటరత్నమ్మ దంచాల్సిందే. గింజ విరగకుండా పొట్టు ఊడగొట్టే పోటు ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు. ఉందన్న వాళ్ళని ఎదురుగా వచ్చి దంచమనండి. అట్లా పదిహేనేళ్ళు. ఊళ్ళోకి మిల్లు వచ్చి రోకలి అటకెక్కేసరికి పిల్ల ఎస్సెల్సీ గట్టెక్కింది.

షాపుకి అద్దాల తలుపులు. వెంకటరత్నమ్మ చెప్పులు బయట విడిచి లోపలికెళ్ళింది. యజమాని రామకోటేశ్వరరావు నవ్వాడు.

"చెప్పులతోనే రావచ్చండీ పెద్దమ్మగారూ."

"తిండిగింజలున్న చోటికి చెప్పులతో ఎట్లా వస్తారయ్యా?"

అమలమ్మ తన కాళ్ళకేసి చూసుకుంది. రాజ్యలక్ష్మి తల్లి మోచేయి గిల్లింది.

లోపల తేనె సీసాలు, గానుగ నూనె డబ్బాలు, బియ్యం సంచులకి ఎర్ర రిబ్బన్లు. నా పెళ్ళికి నా జడకి కట్టలేదు రిబ్బను, బియ్యానికి కట్టారు అనుకుంది వెంకటరత్నమ్మ. పైకి అనలేదు. మాటిచ్చింది కదా.

అమలమ్మ ఓ సంచీ తీసుకుంది. "మా వారికి షుగరండీ. దంపుడు బియ్యమే పెట్టమన్నారు డాక్టరుగారు. ఇవి నిజంగా దంపుడువేనా?"

"అచ్చంగా రోట్లో దంచినవండీ. ఆర్నెల్లున్నా పురుగు పట్టదు" అన్నాడు రామకోటేశ్వరరావు.

వెంకటరత్నమ్మ ఓర్చుకుంది. ఓ నిమిషం ఓర్చుకుంది. కానీ జబ్బు మనిషి కంచంలోకి వెళ్ళే తిండాయె! పళ్ళెంలో చూడ్డానికని పోసిన బియ్యం చిటికెడు తీసి అరచేతిలో వేసుకుని, బొటనవేలితో గట్టిగా రుద్దింది. ఎర్రటి పొడి చేతికంటుకుంది. కింద గింజ మల్లెమొగ్గలా తెల్లగా తేలింది.

"పురుగే వద్దన్న బియ్యం మనుషులకెందుకు అబ్బాయ్? ఇవి మిల్లు బియ్యం. పైన తవుడు పూశారు. దంచిన గింజకి కొసన ముక్కుంటుంది, మొలకొచ్చే చోట. దీని ముక్కేదీ? మిల్లు కొరికేసింది."

ఆయన ముఖం ఎర్రబడింది. "పెద్ద పెద్ద ఆఫీసర్లు కొనుక్కెళుతున్నారండీ. వాళ్ళకి తెలియంది మీకెట్లా తెలిసిందంట?"

జవాబు నాలిక చివరే ఉంది. వెంకటరత్నమ్మ కూతురికేసి చూసింది. నోరు మూసుకుంది. జన్మలో ఎవరి ముందూ తగ్గని మనిషి, గింజలు తిరిగి పళ్ళెంలో పోసేసింది.

"ఆవిడకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందండీ?"

అన్నది రాజ్యలక్ష్మి. ముందుకొచ్చింది. "మా అమ్మ పదిహేనేళ్ళు ఊరందరి వడ్లూ కూలికి దంచింది. నా చదువు ఆ రోకలి పెట్టిందే." తల్లి చెయ్యి పట్టుకుని అరచేయి ఆయన ముందు తిప్పి చూపించింది. కాయలు ఇంకా అట్లాగే ఉన్నాయి, చింతగింజలంతేసి.

అమలమ్మ సంచీ ఎక్కడిదక్కడ పెట్టేసింది. రామకోటేశ్వరరావు, బియ్యం తెచ్చిచ్చేవాణ్ణి కనుక్కుంటానంటూ ఏదో గొణిగాడు.

బయటికొచ్చాక అమలమ్మ బతిమాలింది. "పిన్నిగారూ, మాకు మీరే దంచి పెట్టకూడదూ? ఎంతడిగితే అంత ఇస్తాం."

"కూలికి దంచే రోజులు అయిపోయాయమ్మా. నేర్పమంటే నేర్పుతాను. రోకలి నేను తెస్తాను, చేతులు మాత్రం నీవి."

అమలమ్మ తన గాజుల చేతులు చూసుకుని పకపకా నవ్వింది. "అయితే సోమవారం నుంచీ" అంది.

పదడుగులు నడిచాక గాని వెంకటరత్నమ్మ కాలు చురుక్కుమనలేదు. చెప్పులు మర్చిపోయింది! తిరిగి చూస్తే రాజ్యలక్ష్మి అప్పటికే అద్దాల తలుపు దగ్గరికెళ్ళి, తల్లి చెప్పులు చేత్తో పట్టుకుని నడిరోడ్డు మీద వస్తోంది.

"కింద పడెయ్యవే! జనం చూస్తున్నారు."

"చూడనీ" అంది రాజ్యలక్ష్మి, వంగి తల్లి కాళ్ళ ముందు పెడుతూ.