రెండో గొట్టం నీళ్ళు

మా బడి వంటమనిషి మగ్దలీనమ్మ పోయి మూడు నెలలైంది. జ్వరమొచ్చి నాలుగు రోజుల్లోనే పోయింది. సమాధుల దొడ్డికి నేనూ వెళ్ళాను. పదిమందిలో ఒకడిగా పిడికెడు మట్టి వేసి, చేతులు కడుక్కుని, గిద్దలూరు బస్సెక్కి ఇంటికొచ్చాను. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. రాయకపోతే నాకు అన్నం సయించడం లేదు, అందుకే రాస్తున్నాను.

నా పేరు ఉమామహేశ్వర్లు. గిద్దలూరు బజారులో మా నాయనకు కిరాణా దుకాణం ఉంది. నేను కొమరోలు దారిలో ఒక ఊరి హైస్కూల్లో సైన్సు చెబుతాను. తెలుగు పంతుల్నో లెక్కల పంతుల్నో అయివుంటే ఈ కథలో నాకు ఏదో ఒక సాకు దొరికేది.

ఆ ఊరి బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉంది. మా వైపు ఇది కొత్త సంగతేమీ కాదు. పిలిస్తే నలభై దాటినవాళ్ళు మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగి చూస్తారు. మగ్దలీనమ్మకు యాభై అయిదు. పళ్ళమీద గోధుమరంగు చారలు, వంగని మోకాళ్ళు. కింద కూర్చుంటే లేవడానికి ఒక చెయ్యి నేలకు, ఒక చెయ్యి గోడకు ఆనించాలి. ఆ కాళ్ళతోనే నూట నలభై మందికి వండి వార్చేది. ఊరవతలి పాలెం మనిషి వండిందని మొదటి రెండేళ్ళు కొందరు పిల్లలు ఇళ్ళ నుంచి డబ్బాలు తెచ్చుకున్నారు. ఆ తర్వాత ఆమె పప్పు వాసనకు తట్టుకోలేక మానేశారు. నేను మానలేదు. అన్నం డబ్బా, నీళ్ళ సీసా రెండూ గిద్దలూరు నుంచే మోసుకొచ్చేవాణ్ణి. పట్టింపేమీ లేదు, నాకు బయటి తిండి పడదు అని చెప్పేవాణ్ణి. ఆమె నమ్మినట్టే ఉండేది.

పొదుపు ఆమెకు ఎవరూ నేర్పలేదు. బియ్యం కడిగిన నీళ్ళు పక్కింటి గేదెకు పోవాలి, కూరగాయలు కడిగిన నీళ్ళు గిన్నెల తొలి కడుగుడుకు రావాలి. కుళాయి కారితే గుడ్డపేలిక చుట్టి బిగించేది. పిల్లలు గ్లాసు నిండా పట్టి సగం పారబోస్తే ఊరుకునేది కాదు. "తాగేటన్ని పట్టుకో బిడ్డా, పట్టుకున్నన్ని తాగు" అనేది. పిల్లలు ప్రార్థనకు పోయినప్పుడు ఖాళీ గదుల్లో ఫ్యాన్లు తిరుగుతుంటే ఆ మోకాళ్ళతోనే మెట్లెక్కి స్విచ్చులన్నీ కట్టేసి వచ్చేది. ఒకసారి నా క్లాసులోనూ కట్టేసి, "ఎవురూ లేని గదిలో ఎవురికి ఇసురుతుండాది సారూ ఇది, దెయ్యాలకా?" అంది. పిల్లలు నెల రోజులు నన్ను చూసి నవ్వారు.

కూతురూ అల్లుడూ మార్కాపురంలో పలకల పనికి పోయి అక్కడే గది తీసుకున్నారు. వాళ్ళ రెండేళ్ళ పిల్ల అప్పుడు ఈమె దగ్గర పెరుగుతుండేది. పేరు ఏసమ్మ, మగ్దలీనమ్మ తల్లి పేరే. ఆ పిల్ల తప్ప మగ్దలీనమ్మకు ఇంకో ఆశ ఉన్నట్టు నాకెప్పుడూ కనపడలేదు.

"నా కాళ్ళు పోయినయి, పోనీ సారూ. దీని కాళ్ళు మాత్రం చక్కంగుండాల. ఈ బోరు నీళ్ళు దీని నోట్లో పోయనీను" అనేది. కొనుక్కొచ్చే క్యాను ఆమె జీతానికి వారానికొకటి కూడా కష్టం.

మా ప్రకాశం జిల్లాను చీల్చి కొత్త జిల్లాలు చేసిన ఏడాది, బడులు తెరిచేసరికి ఎవరో దాత పుణ్యాన మాకు ఫిల్టరు ప్లాంటు వచ్చింది. దానికి రెండు గొట్టాలు. మొదటి గొట్టంలోంచి మంచి నీళ్ళు స్టీలు ట్యాంకులోకి పడతాయి. రెండో గొట్టంలోంచి, మిషను వద్దని తోసేసిన నీళ్ళు వెనకవైపు డ్రమ్ములోకి పడతాయి. బిందెడు మంచి నీళ్ళు కావాలంటే బిందెన్నర ఇటు పోవలసిందే. నీళ్ళూ కరెంటూ పొదుపు చేసే సంఘమని పిల్లలతో ఒకటి పెట్టి, సైన్సు వాణ్ణి గదా అని నన్ను దాని మీద కూర్చోబెట్టారు. నాకు హుషారెక్కువ. ఆ డ్రమ్ము నీళ్ళన్నీ బడితోటకు పారించాను. నెల తిరక్కుండా బెండ మొక్కల ఆకుల అంచులు మాడిపోయాయి. ఉప్పెక్కువైంది కాబోలు అనుకుని కాలవలోకి తిప్పేశాను. ఆ ఉప్పుతో పాటు ఇంకేముంటుందో ఎనిమిదో తరగతి పిల్లకు చెప్పగలను, నాకు నేను చెప్పుకోలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే.

ఇక ఆ కాలవ నాకు తలనొప్పయింది. తనిఖీకి వచ్చేవాళ్ళ కాగితంలో 'వృథా నీరు ఎంత?' అని ఒక గడి ఉంటుంది. ఒక సాయంత్రం వరండాలో కూర్చుని ఆ గడి దగ్గరే ఆగిపోయాను. మగ్దలీనమ్మ వచ్చి నిలబడింది.

"ఈ రెండో గొట్టం నీళ్ళు గూడ మిషన్లోంచి వచ్చేటియే గదా సారూ?"

"అవును."

"సూసేదానికి తేటగనే ఉండయి. ఇంటికి పట్టకపోనా?"

"మంచి నీళ్ళే ఒక బిందె పట్టకపోరాదా, ఎవరన్నా వద్దన్నారా?" అని నేను అడగలేదు. అడిగినా తీసుకునేది కాదు, అవి పిల్లకాయలవి అనేది. కాగితంలోంచి తలెత్తకుండా, "పట్టుకపో మగ్దలీనమ్మా, ఊరికే పోతన్నాయి గదా" అన్నాను.

"అంతే సారూ. పిండి జల్లెడ పట్టినంక మిగిలిన తవుడు గూడ తినేదే గదా" అని నవ్వుకుంటూ పోయింది.

గిన్నెలు కడుక్కోవడానికి అనుకున్నానని చాలా రోజులు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి నేనేమీ అనుకోలేదు. ఆ డ్రమ్ము ఖాళీ అయితే చాలనుకున్నాను. గడిలో 'లేదు' అని రాశాను.

రెండున్నరేళ్ళు ఆమె ఆ నీళ్ళు మోసింది. సాయంత్రం గిన్నెలు బోర్లించి, నిండు బిందె చంకనెత్తుకుని, అర కిలోమీటరు దూరంలో ఉన్న పాలేనికి మూడు చోట్ల ఆగుతూ నడిచేది. వానొచ్చినా, సెలవులొచ్చినా మానలేదు. వేసవిలో నేను ప్లాంటు చూడ్డానికి వస్తే నా కోసమే కాచుకుని ఉండేది. తను మాత్రం బోరు నీళ్ళే తాగేది. తెచ్చింది తెచ్చినట్టు పిల్లకే. అంగన్‌వాడీకి పోయేటప్పుడు కూడా ఆ నీళ్ళే సీసాలో పోసి మెడకు తగిలించేది. మా బడికి నీటి పొదుపులో జిల్లా నుంచి ప్రశంసా పత్రం వచ్చింది. దాన్ని పట్టుకుని నేను ఫోటో దిగాను. మగ్దలీనమ్మ దాన్ని పైటతో తుడిచి గోడకు తగిలించింది.

పోయిన జనవరిలో పిల్లల్ని పరీక్ష చేయడానికి ఒక లేడీ డాక్టరు బడికి వచ్చింది. మగ్దలీనమ్మ ఏసమ్మను కూడా తీసుకొచ్చింది. అయిదేళ్ళు నిండబోతున్నాయి. ఆ పిల్ల వరండాలో నడిచి వస్తుంటే నేను మొదటిసారి సరిగ్గా చూశాను. మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, పాదాలు ఎడంగా పడుతున్నాయి. పరుగెత్తబోయి పడింది, ఏడవకుండా లేచింది. అలవాటైనట్టుంది.

డాక్టరు పిల్ల కాళ్ళు ఒత్తి చూసి, "ఏ నీళ్ళు తాగుతుందమ్మా?" అని అడిగింది.

"బడి నీళ్ళేనమ్మా, ఫిల్టరు నీళ్ళు. రెండేండ్లప్పటి నుంచి బోరు సుక్క తగలనీలేదు" అంది మగ్దలీనమ్మ. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె ముఖంలో ఎంత గర్వమో.

"ఫిల్టరు నీళ్ళయితే ఇలా ఉండకూడదే. ఏదీ, ఎక్కడ పడతావో చూపించు."

మగ్దలీనమ్మ గోడ పట్టుకుంటూ బడి వెనక్కి నడిచింది. డాక్టరు వెనక నేను నడిచాను. స్టీలు ట్యాంకు దగ్గర ఆమె ఆగలేదు. డ్రమ్ము దగ్గర ఆగి, రెండో గొట్టం మీద చెయ్యేసి, "ఇదేనమ్మా" అంది.

డాక్టరు వంగి, ఆ గొట్టం ఎక్కణ్ణుంచి వస్తోందో చూసింది. తర్వాత నెమ్మదిగానే చెప్పింది. "మిషను మంచి నీళ్ళు అటు పంపి, చెడ్డదంతా ఇటు తోసేస్తుందమ్మా. బోరులో ఉన్న విషం దీంట్లో ఇంకా చిక్కబడి ఉంటుంది."

"అయితే బోరు నీళ్ళే నయమా అమ్మా?"

"నయమే."

మగ్దలీనమ్మ అక్కడే, తడి నేలమీద కూలబడింది. చెయ్యి నేలకు ఆనించలేదు, గోడకూ ఆనించలేదు. "పట్టుకోమని ఎవరు చెప్పారు నీకు?" అని డాక్టరు అడిగింది. నేను నోరు తెరిచాను. నాకంటే ముందు ఆమె అంది: "ఎవురూ లేదమ్మా. ఊరికే పోతన్నయి గదా అని నేనే పట్టుకున్నా."

నా మాటే. అక్షరం పొల్లుపోకుండా నా మాటను తన మాట చేసుకుంది.

ఇప్పటి నుంచి మంచి నీళ్ళు, పాలు, గుడ్లు ఇస్తే ఇంతకంటే వంకర పోకుండా ఆగవచ్చని, పెద్దయ్యాక ఆపరేషను అవసరం పడవచ్చని డాక్టరు చెప్పి వెళ్ళింది. మర్నాటి నుంచి పిల్లకు మొదటి గొట్టం నీళ్ళే ఇవ్వాలని హెడ్‌మాస్టరు ఆర్డరు వేశాడు. ఆ సాయంత్రం వంటషెడ్డులో మగ్దలీనమ్మ ఒక్కతే ఉండగా వెళ్ళి, "నేను చెప్పబట్టే గదా మగ్దలీనమ్మా" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. తిట్టివుంటే బాగుండేది. "సదువుకున్న నీకే తెలవనప్పుడు నాకెట్ల తెలుస్తది సారూ" అంది. ఆ మాట దెప్పిపొడుపు కాదు, నిజంగా నన్ను ఓదారుస్తూనే అంది. "ఆ మాట ఎవురితో అనబాక. నీ ఉజ్జోగానికి ముప్పొస్తది. ఆదివారం మా గుడిలో సాక్ష్యం చెప్తా, రా."

వాళ్ళ గుడిలో ఆదివారం ఆరాధన మధ్యలో ఎవరైనా లేచి తమ బతుకులో జరిగింది అందరి ముందూ చెప్పుకుంటారు. మేలు జరిగితే స్తోత్రం, తప్పు చేస్తే ఒప్పుకోలు. ఆ ఆదివారం గిద్దలూరులో బస్సెక్కినప్పుడే నేను నిశ్చయించుకున్నాను. ఆమె చెప్పాక నేనూ లేచి, ఆ నీళ్ళు పట్టుకెళ్ళమన్నది నేనేనని చెప్పాలి. దారి పొడుగునా వాక్యాలు కూడబెట్టుకున్నాను.

నాకు గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేశారు. అందరూ చాపల మీద కూర్చున్నారు. ఏసమ్మ మార్కాపురం నుంచి వచ్చిన తల్లి ఒళ్ళో ఉంది. మగ్దలీనమ్మ లేవడానికి ఇద్దరు చెయ్యందించారు.

"అందరికీ వందనాలు. నా బిడ్డ బిడ్డకు మంచి నీళ్ళని ఇసం పోసినా. నా సేతుల్తోనే మోసకచ్చి పోసినా. ఎవురూ సెప్పలేదు, నా ఆశే నన్ను మోసం జేసింది." పిల్ల వైపు తిరిగింది. "ఏసమ్మా, పెద్దైనంక నా కాళ్ళెందుకిట్లుండయని నువ్వడుగుతావు. అప్పటికి నేనుంటానో ఉండనో. ఇప్పుడే సెప్తన్నా. మీ అవ్వను మన్నించు."

పిల్లకు ఏమర్థమైందో, అవ్వ ఏడుస్తోందని తనూ ఏడ్చింది. గుడంతా ముక్కులు చీదే చప్పుడు. పాస్టరు నతానియేలు ప్రార్థన చేసి, కళ్ళు తుడుచుకుని, నా వైపు చూశాడు. "నీటి పొదుపుకు జిల్లాలోనే పేరు తెచ్చిన సారు మన మధ్యన ఉన్నారు. మనకు రెండు మాటలు చెప్తారు."

నేను లేచాను. అన్ని కళ్ళూ నా మీద ఉన్నాయి. చాపమీద ఒక్క మగ్దలీనమ్మ మాత్రం వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. నాకు అదే చాలింది. ఫ్లోరైడు అంటే ఏమిటో చెప్పాను. రెండో గొట్టం నీళ్ళు ఎవరూ తాగకూడదని, మరుగుదొడ్లకు మాత్రమే వాడాలని చెప్పాను. పిల్లలకు పాలు, ఆకుకూరలు పెట్టమన్నాను. పది నిమిషాలు, ఎక్కడా తడబడకుండా మాట్లాడి కూర్చున్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. మగ్దలీనమ్మ కూడా కొట్టింది.