పెద్దమ్మ పాడనన్న పాట

మొన్న శుక్రవారం పొద్దున నేను డ్యూటీకి తయారవుతుంటే తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసింది. "అక్క వెళ్లిపోయిందే" అని మాత్రం అంది. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే పోయింది, ఎవరిచేతా చేయించుకోలేదు. చెప్పుకోవడానికి ఈ మాటలన్నీ బాగానే ఉంటాయి. అయినా ఆ రోజు వార్డులో బీపీ చూసి, రాయబోయేసరికి అంకె మర్చిపోయి, మళ్లీ మళ్లీ చూడాల్సి వచ్చింది.

పెద్దమ్మ ఇక్కడే, సౌదీలోని ఖతీఫ్‌లో నర్సుగా చేసింది. పెద్దనాన్న చిన్న వయసులోనే పోతే పిల్లలిద్దరినీ మా అమ్మ దగ్గర ఉంచి వచ్చింది. నన్ను పిలిపించిందీ ఆమే. కువైట్ గొడవకు ఏడాది ముందు వచ్చి, ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే చేరి, హాస్టల్లో ఆమె గదిలోనే ఉన్నాను. టీ పూర్తిగా చల్లారాకే తాగేది. ఫోన్ వస్తే, అవతల ఎవరున్నా సరే, లేచి నిలబడి మాట్లాడేది.

ఊళ్లో ఉన్నప్పుడు చర్చి క్వయర్‌లో ముందు వరస ఆమెది. ఇక్కడ చర్చిలు ఉండనివ్వరు. గదిలో బట్టలు మడత పెడుతూ పక్కవాళ్లకు వినపడకుండా పాడుకునేది. "నా గొంతు మూతపెట్టిన గిన్నె అయిపోయిందే" అనేది.

ఆ మూత తీసింది ఒక జపాను ఆవిడ. ఆవిడ భర్త సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే ప్లాంటులో ఇంజినీరు. ఆవిడకు ఆపరేషనై మా వార్డులో ఉన్నప్పుడు పెద్దమ్మ చూసుకుంది. ఇంటికి వెళ్లాక ఆవిడ ఒక శుక్రవారం మధ్యాహ్నం మమ్మల్ని భోజనానికి పిలిచింది. కరవోకే అనేది మేము మొదట చూసింది అక్కడే. పెట్టెలోంచి సంగీతం వస్తుంటుంది, టీవీ తెర మీద మాటలు కదులుతుంటాయి, మైకు పట్టుకున్నవాళ్లు పాడుకోవాలి. మా కోసం ఇంగ్లీషు పాట పెట్టబోయారు. పెద్దమ్మ వద్దంది.

"వాళ్లింటికొచ్చి వాళ్ల పాట పాడకపోతే ఎట్టా?" అని నాతో అని, వెళ్లి ఆవిడ పక్కన కూర్చుంది.

అప్పట్నుంచి మా శుక్రవారాలు పాటలు ఎంచుకోవడంతోనే గడిచేవి. ఆవిడ వంటింట్లో బియ్యం కడుగుతూ పదం పదం చెప్పేది. పెద్దమ్మ చింపేసిన క్యాలెండరు కాగితాల వెనక తెలుగులో రాసుకునేది. "మన మాటల్లాగే అచ్చుతో ఆగుతాయే, నాలుక ఎక్కడా ఇరుక్కోదు" అని సంబరపడేది. వాళ్లిద్దరి మధ్య నడిచేది ముక్కలు ముక్కలు ఇంగ్లీషే. ఆవిడ పెద్దమ్మను 'నేసాన్' అని పిలిచేది. అక్క అని అర్థమట.

అర్థం తెలుసుకోకుండా పెద్దమ్మ ఏ పాటా పాడేది కాదు. తాగుడు పాటలు పక్కన పెట్టేది. పరుగెత్తే పాటలు ఊపిరి ఆడనివ్వవని వదిలేసేది. వీటన్నిటికంటే ముందు గదిలో ఎవరెవరున్నారో ఒకసారి చూసేది. కొత్తగా వచ్చి ఇంటి మీద బెంగతో ఉన్నవాళ్లుంటే సొంతూరి పాట జోలికి పోయేది కాదు. "మనకు నచ్చితే చాలదమ్మా. విన్నవాళ్లు దాన్ని మోసుకుంటా ఇంటికి పోవాల" అనేది.

జపాను ఆవిడకు ప్రాణమైన పాట ఒకటుండేది. రైలు వెళ్లిపోయాక ప్లాట్‌ఫాం మీద ఒంటరిగా మిగిలిన మనిషి పాట. అది పెద్దమ్మకూ పూర్తిగా వచ్చు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగాక జపాను కుటుంబాలను స్వదేశానికి పంపేశారు. ఆవిడా వెళ్లింది. ఇంజినీరు గారు ఉండిపోయారు. జనవరిలో యుద్ధం మొదలైంది. సముద్రంలో చమురు తెట్టు కట్టి ఒడ్డు వెంబడి మా వైపే దిగుతోందన్నారు. అది ప్లాంటులోకి వస్తే ఊళ్లకు మంచినీళ్లుండవు. ఆయన రోజంతా ఒడ్డునే ఉండి అడ్డుకట్టలు వేయించేవారు. బీపీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు మనిషి సగమైపోయి ఉన్నారు. అన్నం సయించడం లేదన్నారు. శుక్రవారం రమ్మని పిలిచారు.

వెళ్లాం. కిటికీలకు అడ్డంగా టేపులు, సోఫా పక్కన గ్యాసు మాస్కుల పెట్టెలు. ఆయన కాక ప్లాంటువాళ్లు ముగ్గురే ఉన్నారు. ఆయన పాట పెట్టి మైకు పెద్దమ్మ చేతికిచ్చారు. తెర మీద రైలు కనిపించింది.

"నేసాన్, నా భార్య పాట. మీ గొంతులో వింటాను."

పెద్దమ్మ మైకు దించేసింది. "ఇది మేడం పాట సార్. మేడం వచ్చాక మేడమే పాడతారు. నేను పాడను."

ఆయన ముఖం ఎర్రబడింది. "రాలేకపోతే? ఈ యుద్ధం ఎప్పటికి అయిపోతుందో ఎవరికి తెలుసు?"

"అయ్యేదాకా వేరే పాటలున్నాయి కదా సార్" అంటూ తనే పుస్తకం తిరగేసి, పడవను ఒడ్డుకు లాగేవాళ్ల పాట ఒకటి పెట్టించింది. ఆ పాట ఒక్కరు పాడేది కాదు. ఒకరు చరణం అందుకుంటే మిగతావాళ్లు 'హైసా' అన్నట్టు గట్టిగా అరవాలి. మొదటిసారి ఆ ముగ్గురే అరిచారు. రెండోసారి నేనూ కలిశాను. పెద్దమ్మ ఆయన వంకే చూస్తూ పాడింది. మూడో చరణానికి ఆయన గొంతు కలిసింది. తర్వాత ఆయన అరుపు ముందు మా అరుపులు వినిపించనే లేదు. చివరికి ఆయన కళ్లు తుడుచుకుని, వెళ్లి గిన్నెలో అన్నం పెట్టుకున్నారు. అది తిని మళ్లీ పెట్టుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను. "అంతగా అడిగారు కదా పెద్దమ్మా, పాడితే ఏం పోయింది?"

ఆమె రోడ్డు వంక చూస్తూ అంది. "మీ పెద్దనాన్నకు ఇష్టమైన కీర్తన ఒకటుండేది. ఆయన్ను పెట్టెలో పెట్టినప్పుడు అందరూ అదే పాడారు, నాకు ఊరటగా ఉంటదని. మంచికే పాడారు. ఆ తర్వాత ఎప్పుడు పాడబోయినా నాకు ఆ పెట్టే కనపడతది. ఆ పాట నాకు కాకుండా పోయిందమ్మా. మేడం పాటన్నా ఆ సారుకుండనీ."

చమురు తెట్టు ప్లాంటుదాకా రాకుండా ఆపగలిగారు. యుద్ధం ఆగింది. ఎండలు ముదరక ముందే జపాను ఆవిడ తిరిగొచ్చింది. వచ్చిన మొదటి శుక్రవారమే ఆ పాట పెట్టుకుంది. ఒక చరణం పాడి, పెద్దమ్మను లేపి, మైకు ఇద్దరి మధ్యా పట్టుకుంది. ఇంజినీరు గారు గోడకానుకుని కళ్లు మూసుకుని విన్నారు. పెద్దమ్మ గొంతు అంత బాగా పలకడం నేను మళ్లీ వినలేదు.

కొన్నేళ్లకు పెద్దమ్మ ఉద్యోగం వదిలి, ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి బయల్దేరింది. ఆ దంపతులు ఎయిర్‌పోర్టుకు వచ్చారు. లోపలికి వెళ్లాల్సిన చోట జపాను ఆవిడ నడుము వంచి నమస్కరించింది. పెద్దమ్మ కూడా అలాగే వంగింది. లేచి చూస్తే ఆవిడ ఇంకా వంగే ఉంది. దాంతో పెద్దమ్మ మళ్లీ వంగింది. ఈలోగా ఆవిడ లేచి, పెద్దమ్మను చూసి, తనూ మళ్లీ వంగింది. వెనక లైను ఆగిపోయింది. పాస్‌పోర్టులు చూసే పోలీసాయన తొందరపెట్టబోయి ఊరుకున్నాడు. ఒళ్లంతా కప్పే నల్లటి అబాయాల్లో ఆడవాళ్లిద్దరూ, ముందుగా తల ఎత్తడం ఎవరికీ ఇష్టం లేక, అలా వంగుతూనే ఉన్నారు.